స్పానిష్‌లో గాలి కబుర్లు: బెజవాడ, గుంటూరు వాళ్ల కోసం

స్పానిష్‌లో గాలి గురించి మాట్లాడాలంటే ముందు కావలసింది మాటల పట్టిక కాదు, ఒక్క క్రియ. పట్టిక బట్టీపట్టి మొదలుపెట్టినవాళ్లు నలభై మాటలు వచ్చాక కూడా ‘గాలి వీస్తోంది’ అనే చిన్న ముక్క దగ్గర తడబడతారు.

తెలుగులో ఒక్కోదానికీ ఒక్కో క్రియ. ఎండ కాస్తుంది, వాన పడుతుంది, చలి వేస్తుంది, ఉక్క పోస్తుంది, గాలి వీస్తుంది. మన పల్లెల్లో అయితే గాలి తోలుతుంది. స్పానిష్ వాళ్లు అంత శ్రమ పెట్టుకోలేదు. ఎండ, వేడి, చలి, గాలి నాలుగింటికీ ‘ఆసె’ అన్న మాటే. ఆసె సోల్ అంటే ఎండ కాస్తోంది. ఆసె కలోర్ అంటే వేడిగా ఉంది. ఆసె ఫ్రీయొ అంటే చలిగా ఉంది. ఆసె బ్యేంతొ అంటే గాలి వీస్తోంది. ఆసె అన్నదానికి విడిగా అర్థం ‘చేస్తుంది’. ఎవరు చేస్తున్నారని అడక్కండి, అక్కడ కర్త లేడు. వాన మాత్రం ఈ జట్టులోకి రాదు, దానికి ‘య్వేబె’ అని సొంత క్రియ ఉంది.

ముందు నోరు తిరగాలి

ఈ వ్యాసంలో స్పానిష్ మాటల్ని తెలుగు లిపిలో రాసిన పద్ధతి ఇది: దీర్ఘం ఉన్నచోట ఊనిక, హ్రస్వం ఉన్నచోట తేలిగ్గా వదిలేయడం. స్పానిష్‌లో మనలా హ్రస్వ దీర్ఘాల తేడాతో అర్థం మారదు, ఊనిక తేడాతో మారుతుంది. అందుకని బ్యేంతొలో ‘బ్యే’ మీద బరువు వేసి, చివరి ‘తొ’ని పొట్టిగా వదలండి. రెండే అక్షరాలు, బ్యేన్, తొ. ‘వి-యెన్-తో’ అని మూడు ముక్కలు చేస్తే వినేవాడికి వింతగా ఉంటుంది. స్పెల్లింగులో మొదటి అక్షరం వి అయినా పలికేది బ. ఆసె స్పెల్లింగు హెచ్‌తో మొదలవుతుంది, ఆ హెచ్ ఎక్కడా పలకదు.

తెలుగువాళ్లకు ఇందులో కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. త, ద అచ్చం మనవే. ఇంగ్లీషు అలవాటుతో ట, డ చేయకపోతే చాలు. పొట్టి ఎ, పొట్టి ఒ మనకు పుట్టుకతో వచ్చినవే. నాలుకను అదిలించే ర్ర కోసం వేరే దేశాలవాళ్లు నెలల తరబడి తంటాలు పడతారు, మనకు ‘గుర్రం’ అంటే చాలు. మాట మొదట్లో వచ్చే ర కూడా ఆ ర్రే. చిన్నప్పుడు పలక మీద దిద్ది, ఆ తర్వాత ముట్టని ఞకి కూడా ఇక్కడ పని దొరుకుతుంది. ‘రేపు’ అన్న మాట మఞాన.

ఇబ్బంది పెట్టేవి రెండు. ఒకటి చ. కోస్తా తెలుగులో ‘చాప’, ‘చొక్కా’ అన్నప్పుడు నాలుక పళ్లకు తగులుతుంది, ‘చీమ’, ‘చెట్టు’ అన్నప్పుడు పైకి వెళ్తుంది. స్పానిష్‌కి కావలసింది ఎప్పుడూ చీమలో చ. ‘చాలా’ అని అర్థమిచ్చే ‘మూచొ’లో మనకు తెలియకుండానే చొక్కాలో చ దూరిపోతుంది. రెండోది మాట చివర ఉకారం. బస్సు, తుఫాను అనే అలవాటు కొద్దీ సిక్లోన్‌ని సిక్లోను, ఎల్‌ని ఎల్లు చేస్తాం. హల్లు దగ్గరే ఆగాలి. ఈ రెండూ సరిచేసుకోవడానికి పెద్ద సాధన అక్కర్లేదు. ఫోన్లో రికార్డు చేసుకుని వింటే తప్పు ఎక్కడుందో మీకే దొరుకుతుంది.

స్పెయిన్‌లో ఎక్కువ చోట్ల ఆసెలోని ‘సె’ని నాలుక కొస పళ్ల మధ్య పెట్టి పలుకుతారు. లాటిన్ అమెరికా అంతటా స. మొదట్లో స తోనే వెళ్లండి, రెండు చోట్లా అర్థమవుతుంది.

మొదటి రోజుకి ఆరు వాక్యాలు

సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడినా, బ్రాడీపేటలో డాబా ఎక్కినా గాలి ఏదో ఒక రకంగా ఉంటుంది. దాన్ని చూస్తూ ఇవి పైకి అనండి. ఆసె బ్యేంతొ: గాలి వీస్తోంది. ఆసె మూచొ బ్యేంతొ: గాలి బాగా వీస్తోంది. నొ ఆసె బ్యేంతొ: గాలి లేదు. ఆయ్ ఉన బ్రీస: పిల్లగాలి ఉంది. ఎల్ బ్యేంతొ సోప్ల ఫ్వేర్తె: గాలి గట్టిగా వీస్తోంది. ఆయ్ ర్రాచస్ ఫ్వేర్తెస్: గాలి ఉండుండి విసురుగా కొడుతోంది.

తప్పులన్నీ దాదాపు ఈ ఆరింటి చుట్టూనే జరుగుతాయి.

ఇంగ్లీషు ‘ఈజ్’కి స్పానిష్‌లో ఎస్, ఎస్తా అని రెండు మాటలున్నాయి, కానీ ‘ఎస్ బ్యేంతొ’, ‘ఎస్తా బ్యేంతొ’ రెండూ తప్పే. ఇంగ్లీషు వాక్యం మనసులో పెట్టుకుని కట్టినవాళ్లకి ఇది తప్పకుండా వస్తుంది. ‘ముయ్ బ్యేంతొ’ కూడా తప్పు. ముయ్ విశేషణాల ముందు, మూచొ నామవాచకాల ముందు వస్తాయి. బ్యేంతొ నామవాచకం కాబట్టి మూచొ బ్యేంతొ, ఫ్వేర్తె విశేషణం కాబట్టి ముయ్ ఫ్వేర్తె. తెలుగులో ‘చాలా గాలి’, ‘చాలా గట్టిగా’ రెండింటికీ ఒకే ‘చాలా’ సరిపోతుంది కాబట్టే ఇక్కడ జారతాం.

‘ఎల్ బ్యేంతొ ఆసె’ అనకూడదు. గాలిని కర్త చేయాలనుకుంటే క్రియ సోప్ల కావాలి. ఆసె వాడితే కర్త ఉండదు. అలాగే ఈదురు విసుర్లకీ తుఫానుకీ ఆసె పనికిరాదు. వాటికి ఆయ్, అంటే ‘ఉంది, ఉన్నాయి’. ఆయ్ ఉన్ ఉరకాన్ సరే, ఆసె ఉరకాన్ అంటే నవ్వుతారు.

నిన్నటి మాట చెప్పాలంటే రెండు దారులున్నాయి. ‘నిన్న గాలి బాగా వీచింది’ అని అయిపోయిన సంగతిలా చెబితే అయేర్ ఈసొ మూచొ బ్యేంతొ. ‘గాలి వీస్తుండగా ఇంకేదో జరిగింది’ అని నేపథ్యంగా చెబితే అసీయ బ్యేంతొ. మన ‘వీచింది’, ‘వీస్తుండగా’ అన్న తేడా దాదాపు ఇదే, అందుకే పెద్దగా భయపడక్కర్లేదు. రేపటికి మఞాన బ అసేర్ బ్యేంతొ.

ప్రశ్న అడగాలంటే ‘కె త్యేంపొ ఆసె?’ త్యేంపొ అంటే కాలం. మన ‘కాలం’ లాగే అది సమయానికీ పనికొస్తుంది, వాతావరణానికీ పనికొస్తుంది. గంట ఎంతయిందని అడగడానికి మాత్రం ఇది కాదు, దానికి ‘కె ఓర ఎస్?’ లాటిన్ అమెరికాలో వాతావరణం అడగడానికి క్లీమ అన్న మాటా బాగా వినిపిస్తుంది. ఈ కబుర్లలో ఒక సుఖం ఉంది. స్పానిష్‌లో కూడా నువ్వు, మీరు తేడా ఉంది, తూ అంటే నువ్వు, ఉస్తేద్ అంటే మీరు. కర్తే లేని గాలి వాక్యానికి ఆ బెంగ లేదు. పెద్దాయనతోనైనా కుర్రాడితోనైనా ఆసె బ్యేంతొ ఒకటే.

మన గాలులకు వాళ్ల పేర్లు

తెలుగు ‘గాలి’ పెద్ద సంచీ. టైరులో ఉన్నదీ గాలే, పీల్చేదీ గాలే, చెట్లూపేదీ గాలే. స్పానిష్ దాన్ని రెండుగా విడగొడుతుంది. కదిలేది బ్యేంతొ, పీల్చేదీ టైరులో పట్టించేదీ ఆయ్‌రె. స్పెయిన్‌లోనూ మెక్సికోలోనూ మామూలు మాటల్లో ‘ఆసె ఆయ్‌రె’ అని కూడా అంటారు, గాలి వీస్తోందనే అర్థం. వింటే కంగారు పడకండి, మీరు మాత్రం బ్యేంతొతోనే ఉండండి. బ్వేనొస్ ఆయ్‌రెస్ నగరం పేరులో ఉన్నది ఈ ఆయ్‌రె, ‘మంచి గాలులు’ అని.

పిల్లగాలి, తెమ్మెర అంటే బ్రీస. సూర్యలంక ఒడ్డున వచ్చే సముద్రపు గాలి బ్రీస మరీన. ఈదురుగాలికి బెందబాల్. అంతకంటే నాటుగా చెప్పాలంటే బెంతర్రోన్. చివరి ‘అర్రోన్’ పెద్దదనాన్ని చూపే తోక, దాన్ని పలికేటప్పుడు మొహమాటపడితే గాలి చిన్నదైపోతుంది. సుడిగాలి ర్రెమొలీనొ, గాలిదుమారంలో లేచే దుమ్ము పొల్బరేద. మే నెలలో బెజవాడ బందరు రోడ్డు మీద మొహానికి కొట్టే వడగాలికి ఒక్క మాట వెతకొద్దు, ‘బ్యేంతొ కల్యేంతె ఇ సేకొ’ అనండి, వేడి పొడి గాలి. రోజుల తరబడి సాగే వడగాడ్పుల కాలమైతే ఓల దె కలోర్, వేడి అల.

వడగాలికి దగ్గరి చుట్టం అర్జెంటీనాలో ఉంది. ఆండీస్ పర్వతాల మీద నుంచి మెందోస, సాన్ హ్వాన్ వైపు దిగే సోంద. కొండెక్కేటప్పుడు తేమ వదిలేసి, దిగేటప్పుడు నొక్కుకుపోయి వేడెక్కుతుంది, కింది ఊళ్లకి చేరేసరికి పొయ్యి మూత తీసినట్టుంటుంది. స్పెయిన్‌లో ఏబ్రొ నది లోయ వెంట సరగోస మీదికి వచ్చే చల్లని పొడి వాయవ్యపు గాలి స్యేర్సొ. కాటలోనియా ఉత్తర కొసన, మెనోర్క దీవిలో ఉత్తరపు గాలి త్రమొంతాన. హిబ్రల్తార్ (జిబ్రాల్టర్) జలసంధి దగ్గర తరీఫలో అయితే రెండే గాలులు లోకం: తూర్పు గాలి లెబాంతె, పడమటి గాలి పొన్యేంతె. లెబాంతెలో ఉన్నది ‘లేచేది’, పొన్యేంతెలో ఉన్నది ‘దిగేది’, రెండూ పొద్దు గురించే. పొద్దుపొడుపు, పొద్దుగుంకు అనేవాళ్లకి ఇవి చెప్పకుండానే గుర్తుంటాయి. దిక్కు చెప్పేటప్పుడు గాలి ఎక్కణ్నుంచి వస్తోందో అదే పేరు. బ్యేంతొ దెల్ నోర్తె అంటే ఉత్తరం నుంచి వచ్చేది, మన ‘ఉత్తరపు గాలి’ లాగే.

తుఫాను దగ్గర జాగ్రత్త. బంగాళాఖాతంలో పుట్టేది సిక్లోన్. అట్లాంటిక్, కరీబియన్ వైపుది ఉరకాన్. పడమటి పసిఫిక్‌ది తిఫోన్. ఉరకాన్ అన్నది కరీబియన్ దీవుల తైనో ప్రజల మాట, స్పానిష్ వాళ్లు అక్కడ విని తెచ్చుకున్నారు. ‘తొర్మేంత’ వింటే తుఫాను అనుకోకండి, మామూలుగా అది ఉరుములు మెరుపులతో వచ్చే గాలివాన. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. తెలుగులో ‘తీరం దాటింది’ అంటాం, స్పానిష్‌లో ‘తొకో త్యేర్ర’, నేలను తాకింది అంటారు. ఎల్ సిక్లోన్ తొకో త్యేర్ర సేర్క దె బాపట్ల. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనకు మరెహాద సిక్లోనిక అనాలి. ఉప్పెన అన్న ఒక్క మాటలో ఉన్న బరువు ఆ రెండు మాటల్లో రాదు, కానీ వార్తల్లో వాడేది అదే.

డాబా మీద, వీధిలో

గాలి మాటలు నిజంగా పనికొచ్చేది అది చేసే పనులు చెప్పేటప్పుడు. ఇక్కడ ఒక్క క్రియ మీద సమయం పెట్టండి: సె యెబో, ‘ఎత్తుకుపోయింది’. డాబా మీద ఆరేసిన బట్టలు పక్కింటి గోడ మీద పడితే, ఎల్ బ్యేంతొ సె యెబో ల ర్రోప. బట్టలారేసే తీగ తెందెదేరొ. దానికి పెట్టే క్లిప్పు స్పెయిన్‌లో, మెక్సికోలో పీన్స, అర్జెంటీనాలో బ్రోచె, చిలీలో పేర్రొ. పేర్రొ అంటే కుక్క. క్లిప్పు కరిచి పట్టుకున్న తీరు ఒక్కసారి చూస్తే ఆ పేరు మరి మర్చిపోరు.

గొడుగు విరిగితే సె మె ర్రొంప్యో ఎల్ పరాగ్వస్. ‘నేను విరిచాను’ అని కాక ‘నాకు విరిగింది’ అన్నట్టు ఉంటుంది. తెలుగు మనసుకి ఇది ఇంగ్లీషు కంటే దగ్గర. చెట్టు పడితే సె కయో ఉన్ ఆర్బొల్. మన ఊళ్లో గాలి లేవగానే జరిగేది ఇంకోటి ఉంది కదా, కరెంటు పోవడం. సె ఫ్వే ల లూస్. మాటకి మాటగా ‘వెలుతురు వెళ్లిపోయింది’. ఆగిపోయిన ఫ్యాను బెంతిలదోర్, అప్పుడు తెరిచే కిటికీ బెంతాన. రెండింటిలోనూ గాలే ఉంది చూడండి.

ఈ కుటుంబంలో అందరికంటే ముద్దొచ్చేది అబెంతార్. చేటతోనో కల్లంలో గాలివాలు చూసుకునో ధాన్యాన్ని తూర్పారబట్టడం అని అసలు అర్థం. మెక్సికోలో అదే మాట ఊరికే ‘విసరడం’ అయిపోయింది. ఇదే కుటుంబంలో ఒక ప్రమాదమూ ఉంది. ‘గాలి ఎక్కువగా ఉన్న రోజు’కి దీయ బెంతోసొ అనొచ్చు, కానీ ఆ విశేషణం నుంచి సొంత తెలివితో నామవాచకం తయారుచేసి బెంతొసిదాద్ అన్నారంటే, కడుపులోంచి వచ్చే గాలి గురించి చెప్పినట్టవుతుంది.

సంక్రాంతి గాలిపటానికి దేశానికో పేరు. స్పెయిన్‌లో కొమేత, మెక్సికోలో పపలోతె, అర్జెంటీనాలో బర్రిలేతె, చిలీలో బొలంతీన్. ల కొమేత అంటే గాలిపటం, ఎల్ కొమేత అంటే తోకచుక్క. ఎల్ మగ మాటల ముందు, ల ఆడ మాటల ముందు వస్తాయి, అందుకే ప్రతి మాటనీ ముందున్న ఎల్, లతో కలిపే నేర్చుకోవాలి. ఎల్ బ్యేంతొ, ఎల్ ఆయ్‌రె, ల బ్రీస, ల ర్రాచ, ఎల్ బెందబాల్. ప్రాణం లేనివాటికి ఆడ మగ తేడా తెలుగులో లేదు కాబట్టి ఊహించి పట్టుకోవడం కుదరదు.

సామెతల్లాంటి మాటలు రెండుమూడు చాలు. పని సాఫీగా సాగుతుంటే బ్యేంతొ ఎన్ పోప, ఓడ వెనక నుంచి గాలి అని. దీన్ని మన ‘గాలివాటు’తో కలపొద్దు, మనది ‘యాదృచ్ఛికంగా’ అన్న అర్థంలోకి పోయింది. ఊరంతా టాంటాం వేస్తే అ లొస్ క్వాత్రొ బ్యేంతొస్, నాలుగు గాలులకూ చెప్పినట్టు. ఏటికి ఎదురీది సాధిస్తే కోంత్ర బ్యేంతొ ఇ మరేయ.

రోజుకి పదిహేను నిమిషాలు

చిన్న అట్టముక్కలు ఇరవై చేసుకోండి. ఒకవైపు తెలుగు వాక్యం, రెండోవైపు స్పానిష్ వాక్యం దాని అసలు స్పెల్లింగుతో. విడిమాటలు రాయొద్దు. ‘గాలి’ అని రాసుకుంటే రేపు వాక్యంలో ఏ క్రియ పెట్టాలో తెలియదు, ‘గాలి వీస్తోంది’ అని రాసుకుంటే క్రియ దానితోపాటే వస్తుంది. తెలుగు లిపిలో పలుకుబడి మొదటి వారమే ఉంచి, తర్వాత కొట్టేయండి. దాన్నే పట్టుకుని కూర్చుంటే రాతలో వి, బి ఏదో, సి, ఎస్, జెడ్ ఏదో ఎప్పటికీ తేలదు, ఎందుకంటే చెవికి అవి ఒకటే. రోజుకి నాలుగు కొత్త అట్టలు, పాతవన్నీ ఒకసారి. అయిదు రోజుల్లో ఇరవై అవుతాయి. ఆ తర్వాత అయిదు రోజులు కొత్తవి చేర్చకుండా, రోజూ ఒకే వేళకి బయటికి చూసి ఆ రోజు గాలి గురించి మూడు వాక్యాలు పైకి చెప్పండి. గాలి లేని రోజు కూడా వదలొద్దు. గాలి లేవడం సె లెబంతో బ్యేంతొ, ముదరడం అర్రేస్య, తగ్గడం అమాయ్‌న. ఈ మూడూ గాలిని చూస్తూ నేర్చుకున్నంత తేలిగ్గా పుస్తకంలో రావు.

పదో రోజు తర్వాత స్పెయిన్ వాతావరణ సంస్థ అఎమెత్ వెబ్‌సైటు తెరిచి తరీఫ సూచన చదవండి. అక్కడ విశేషణాలు ఊరికే వాడరు, గంటకి కిలోమీటర్ల లెక్క ఉంటుంది. 5 వరకు కాల్మ, 6 నుంచి 20 ఫ్లోహొ, 21 నుంచి 40 మొదెరాదొ, 41 నుంచి 70 ఫ్వేర్తె, 71 నుంచి 120 ముయ్ ఫ్వేర్తె, 120 దాటితే ఉరకనాదొ. మన వాతావరణ శాఖ 62 దగ్గరే వాయుగుండాన్ని తుఫాను అంటుంది. ఆ వేగం వాళ్ల లెక్కలో ఇంకా ఫ్వేర్తెనే, కాబట్టి ఫ్వేర్తె అని చదివి తేలిగ్గా తీసుకోకండి.

అలాంటి సూచనల్లో వచ్చే తీరు వాక్యం ఒకటి విప్పి చూద్దాం. ‘బ్యేంతొ దె లెబాంతె ఫ్వేర్తె ఎన్ ఎల్ ఎస్త్రేచొ, కొన్ ర్రాచస్ ముయ్ ఫ్వేర్తెస్, అమయ్‌నాందొ పొర్ ల తార్దె.’ ఎస్త్రేచొ అంటే జలసంధి. కొన్ అంటే ‘తో’. ర్రాచస్ బహువచనం కాబట్టి దాని విశేషణం చివర కూడా స్ చేరి ఫ్వేర్తెస్ అయింది. బ్యేంతొ ఏకవచనం కాబట్టి మొదటి ఫ్వేర్తెకి స్ లేదు. అమయ్‌నాందొ అంటే తగ్గుతూ, తార్దె మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. జలసంధిలో గట్టి తూర్పు గాలి, మధ్యమధ్య మరీ గట్టి విసుర్లు, మధ్యాహ్నం తర్వాత తగ్గుముఖం. వాక్యం మొత్తంలో ఆసె ఎక్కడా లేదు, సోప్ల కూడా లేదు. మన రేడియో వార్తల్లో ‘కోస్తాలో అక్కడక్కడ ఈదురుగాలులు’ అని క్రియ లేకుండా ఆపేసినట్టే, వాళ్ల ప్రకటనల్లోనూ క్రియ ఎగిరిపోతుంది. నోటిమాటలో మాత్రం అలా ఆపేస్తే కుదరదు, ఆసె ఉండాల్సిందే.